గీతలోంచి పాట: ముగ్గుల పుస్తకం ఎందుకు పారెయ్యకూడదు

సంక్రాంతికి ముందు అటక సర్దుతుంటే ఒకే పెట్టెలో రెండు వస్తువులు దొరికాయి. ఒకటి పెద్దత్తయ్య ముగ్గుల నోటు పుస్తకం. అట్ట ఊడిపోయింది, మొదటి నాలుగు పేజీలు చెదలు తినేశాయి. రెండోది మా ఆయన చిన్నప్పుడు దాచుకున్న బిస్కెట్ల రేకు డబ్బా. దాని నిండా సినిమా ఫిల్ము ముక్కలు. చూలైలో పెరిగిన మగపిల్లలు చాలామంది దగ్గర ఇలాంటి డబ్బా ఒకటి ఉండేదట. పురసవాక్కంలో రాక్సీ, ఇంకా చుట్టుపక్కల టాకీసులు. తెగిన ముక్కలు ఎవరి ద్వారానో పిల్లల చేతికొచ్చేవి, గోలీలకు మార్చుకునేవాళ్లు.

ఈ రెండింటికీ సంబంధం ఉందని ఆ రోజు నాకు తెలియదు. ఆ సంబంధం ఏమిటో చెప్పడానికే ఈ వ్యాసం. ఒక మాట ముందే చెప్తా. నేను కన్నడ మీడియంలో చదువుకున్నదాన్ని. తెలుగు రాయడం ఈ ఇంటికొచ్చాకే వంటబట్టింది. వాక్యం ఎక్కడైనా కుంటితే పెద్దవాళ్లు సర్దుకోండి.

ముందు ఫిల్ము ముక్క సంగతి.

డబ్బాలోంచి ఒక ముక్క తీసి కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చూడండి. మధ్యలో బొమ్మలు, రెండు పక్కలా చిల్లులు. బొమ్మకూ ఒక పక్క చిల్లులకూ మధ్య సన్నగా ఒక గీత పోతుంటుంది. గీత అంటే తిన్నని గీత కాదు. రంపం పళ్లలాగా, కొండల వరుసలాగా ఎగుడుదిగుడుగా ఉంటుంది. అదే శబ్దం. పాట, మాట, చెంపదెబ్బ, వాన, అన్నీ ఆ తెల్ల గీతలోనే ఉన్నాయి. ప్రొజెక్టర్‌లో ఒక చిన్న దీపం ఆ గీత మీద పడుతుంది. గీత వెడల్పుగా ఉన్నచోట వెలుగు ఎక్కువ దాటుతుంది, సన్నగా ఉన్నచోట తక్కువ. అవతల ఉన్న ఫొటోసెల్ ఆ ఎక్కువ తక్కువల్ని కరెంటుగా మారుస్తుంది, స్పీకరు దాన్ని శబ్దం చేస్తుంది. ఒక బొమ్మ మాట సరిగ్గా ఆ బొమ్మ పక్కనే ఉండదు. దాదాపు 20 ఫ్రేములు ఎడంగా ఉంటుంది, ఎందుకంటే ప్రొజెక్టర్‌లో బొమ్మ చూపే చోటు వేరు, శబ్దం చదివే చోటు వేరు.

అంటే మనవాళ్లు సినిమాహాల్లో విన్న ప్రతి పాటా ఒక బొమ్మే. 1931 అక్టోబరులో మద్రాసు కినిమా సెంట్రల్‌లో 'కాళిదాస్' ఆడింది. హెచ్.ఎం. రెడ్డి తీసిన సినిమా అది. నాయిక టి.పి. రాజలక్ష్మి తమిళంలో మాట్లాడితే మిగతా పాత్రల్లో తెలుగు కూడా వినిపించింది. మరుసటి ఏడాది ఆయనే 'భక్త ప్రహ్లాద' ఇచ్చారు. కానీ అప్పట్లో మద్రాసులో శబ్దం పట్టే వసతి లేదు. మద్రాసులోనే శబ్దం పట్టడం 1934లో ఎ. నారాయణన్ శ్రీనివాసా సినీటోన్‌తో మొదలైంది. అది మనకు దూరమేమీ కాదు, కీళ్పాక్కంలో. అక్కడ 'శ్రీనివాస కల్యాణం' సినిమాకు శబ్దం చూసింది ఆయన భార్య మీనా నారాయణన్. దేశంలో మొదటి మహిళా సౌండ్ ఇంజనీరుగా ఆవిడను చెప్పుకుంటారు. కాబట్టి మన పేటకు కూతవేటు దూరంలో, తొంభై ఏళ్ల కిందట, ఒక ఆడమనిషి శబ్దాన్ని గీతగా మార్చే పని చేస్తోంది. అదే సమయంలో చూలై ఇళ్ల ముందర మిగతా ఆడవాళ్లు పొద్దున్నే వేరే గీతలు గీస్తున్నారు.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. శబ్దం గీతగా మారగలిగితే, గీత శబ్దంగా మారదా? మైకు, గాయకుడు, వాయిద్యం ఏవీ లేకుండా, ఊరికే పెన్నుతో ఆ అంచున ఏదో ఒకటి గీసేస్తే ఏం వినిపిస్తుంది?

ఈ ప్రశ్న రష్యాలో 1929లోనే వచ్చింది. అక్కడ మొదటి టాకీల్లో ఒకదానికి శబ్దం పడుతున్నారు. మొదటి చుట్ట కడిగి బయటకు తీయగానే ఆ శబ్దపు గీత అందం చూసి త్సెఖనోవ్‌స్కీ అనే యానిమేటర్ ఒక మాట అన్నాడట. పాత ఈజిప్టు, గ్రీకు నగిషీల్ని ఈ జాగాలో పెడితే మనకు తెలియని ఏ ప్రాచీన సంగీతమో వినిపిస్తుందేమో అని. పక్కనే ఉన్న అవ్రామోవ్ అనే సంగీతజ్ఞుడు, షోల్పో అనే ఇంజనీరు ఆ మాటను వదల్లేదు. అవ్రామోవ్ 1930లో జామెట్రీ బొమ్మలు గీసి, వాటిని ఫొటో తీసి, ఫిల్ము అంచున పెట్టి వినిపించాడు. షోల్పో పళ్లు కోసిన చక్రాలు తిప్పి శబ్దం పుట్టించే వేరియోఫోన్ అనే యంత్రం కట్టాడు. వొయినోవ్ అనే మరొకతను కాగితాన్ని దువ్వెనలా కత్తిరించి అదే పని చేశాడు.

జర్మనీలో 1932లో ఇద్దరు వేర్వేరుగా ఇదే చేశారు. బెర్లిన్‌లో ఆస్కర్ ఫిషింగర్ పొడుగాటి కాగితాల మీద అలంకారపు బొమ్మలు వరసగా గీసి, ఈ ఆకారం ఎలా మోగుతుంది, ఆ ఆకారం ఎలా మోగుతుంది అని విన్నాడు. మ్యూనిక్‌లో రుడాల్ఫ్ ఫెన్నింగర్ ఎదురు దారిలో వచ్చాడు. ఏ శబ్దానికి ఏ అల ఉంటుందో ముందు యంత్రంలో చూసి, ఆ అలను చేత్తో గీశాడు. ఒకాయన బొమ్మ నుంచి శబ్దానికి వెళ్లాడు, రెండో ఆయన శబ్దం నుంచి బొమ్మకు వచ్చాడు.

లెక్క కష్టమైనది కాదు. 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు పరిగెడుతుంది, అంటే ఒకటిన్నర అడుగులు. ఆ ఒకటిన్నర అడుగుల్లో ఒకే ఆకారాన్ని 440 సార్లు గీస్తే, వాయిద్యాలు శ్రుతి చేసుకునే 440 హెర్ట్జ్ స్వరం వస్తుంది. ఒక్క ఫ్రేము ఎత్తులో 18కి పైగా పళ్లు పడతాయన్నమాట. పళ్లు దగ్గరగా ఉంటే స్వరం పైకి, దూరంగా ఉంటే కిందికి. పన్ను ఆకారం మారిస్తే గొంతు మారుతుంది. కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ ఒక పెట్టె నిండా చారల కార్డులు పెట్టుకున్నాడు, స్వరానికొక కార్డు. కావాల్సిన కార్డు తీసి కెమెరా ముందు పెట్టడం, ఫొటో తీయడం. 1952లో ఆయన తీసిన 'నైబర్స్'కు సంగీతం అలా పుట్టిందే. ఆ సినిమాకు ఆస్కార్ కూడా వచ్చింది. 1971లో 'సింక్రోమీ' అనే సినిమాలో ఆ చారల్నే రంగులేసి తెరమీద కూడా చూపించాడు. చూసేదీ వినేదీ ఒకటే.

ఇది చదవగానే నాకూ త్సెఖనోవ్‌స్కీ ఆశే పుట్టింది. పెద్దత్తయ్య ముగ్గును ఆ ఫిల్ము అంచున పెడితే ఏం పాడుతుంది?

నిజం చెప్పాలంటే ఏమీ పాడదు. రొద చేస్తుంది. ఒకే ముగ్గును చిన్నగా చేసి వందల సార్లు వరసగా పెడితే ఒకే స్వరం ఆపకుండా మోగుతుంది, అంతే. ముగ్గు మారిస్తే ఆ మోత గరుకుదనం కాస్త మారుతుంది. పువ్వుల ముగ్గుకూ రథం ముగ్గుకూ తేడా చెవికి సీసాలో ఊదినట్టు, దువ్వెన మీద ఊదినట్టు తెలుస్తుంది కానీ, ముగ్గులో ఉన్న అసలు సంగతి తెలియదు. ఎందుకంటే ఆ యంత్రం బొమ్మ అంచును మాత్రమే కొలుస్తుంది. చెయ్యి ఎక్కడ మొదలుపెట్టింది, ఎటు తిరిగింది, ఎక్కడ ముగించింది అన్నది దానికి అక్కర్లేదు.

తర్వాత వచ్చినవాళ్లు బొమ్మను వేరేలా చదివారు. మాస్కోలో ముర్జిన్ అనే ఇంజనీరు 1938లో ఊహ మొదలుపెట్టి 1958కి ఒక యంత్రం పూర్తి చేశాడు. ఏఎన్ఎస్ అని దాని పేరు, స్క్రియాబిన్ అనే స్వరకర్త పేరులోని అక్షరాలవి. నల్ల పూత పూసిన గాజుపలక మీద గీకితే అక్కడ వెలుగు దాటుతుంది. ఎడమ నుంచి కుడికి కాలం, కింద నుంచి పైకి స్వరం. అందులో 720 స్వరాలుంటాయి, మన సప్తస్వరాల మధ్య సందుల్లో సందులు. తార్కోవ్‌స్కీ 'సొలారిస్' చూసినవాళ్లు ఆ శబ్దం విన్నట్టే. ఇంగ్లండులో డాఫ్నీ ఓరమ్ అనే ఆవిడ 1959లో బీబీసీ ఉద్యోగం వదిలేసి, 35 మిల్లీమీటర్ల ఫిల్ము పట్టీలు పది పక్కపక్కనే పెట్టి, వాటి మీద గీతలు గీసి సంగీతం చేసే ఓరామిక్స్ యంత్రం సొంతంగా కట్టుకుంది. ఒక పట్టీ హెచ్చుతగ్గులకు, ఒకటి స్వరానికి, ఇలా. ప్యారిస్‌లో జెనాకిస్ 1977లో యూపిక్ తెచ్చాడు. పెద్ద బల్ల, దాని మీద ఒక పెన్ను, వెనకాల కంప్యూటరు. చిన్నపిల్లలు గీసినా పాడేది.

మన దేశంలో ఎలక్ట్రానిక్ సంగీతానికి మొదటి స్టూడియో 1969లో అహమదాబాదులో, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో పెట్టారు. డేవిడ్ ట్యూడర్ అనే అమెరికన్ వచ్చి మూగ్ సింథసైజర్ అమర్చి ఇచ్చాడు. గీతా సారాభాయ్ లాంటివాళ్లు అక్కడ పనిచేశారు. ఆ టేపులు చాలా ఏళ్లు ఎవరికీ పట్టకుండా పడున్నాయి. ఈమధ్యే బయటకొచ్చి, 2023లో ఆల్బమ్‌గా విడుదలయ్యాయి.

మద్రాసు కథ వేరే. ఇక్కడ ఎవరూ యంత్రం కట్టలేదు. ముగ్గునే చదివారు.

తాంబరంలో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ ఉంది కదా. అక్కడ గిఫ్ట్ సిరోమణి స్టాటిస్టిక్స్ ప్రొఫెసరు, ఆయన భార్య రాణి సిరోమణి గణితం ప్రొఫెసరు. వీళ్లూ కమలా కృతివాసన్ గారూ కలిసి 1974లో ఒక పరిశోధనా పత్రం అచ్చు వేశారు. దాని విషయం కోలం, అంటే మన ముగ్గు. మా స్కూల్లో మేం రంగోలి అనేవాళ్లం, ఇంట్లో ముగ్గు, ఇక్కడ వీధిలో కోలం. పేర్లు మూడు, పిండి ఒకటే.

వాళ్లు చెప్పింది ఏమిటంటే, భాషకు వ్యాకరణం ఉన్నట్టే ముగ్గుకూ ఉంది. కొన్ని చిన్న ముక్కలు, వాటిని ఎలా పెంచాలి, ఏది దేని పక్కన రావచ్చు అనే కొన్ని నియమాలు. ఈ నాలుగు నియమాలు తెలిస్తే చిన్న ముగ్గూ వేయొచ్చు, వాకిలి పట్టనంత ముగ్గూ వేయొచ్చు. ఈ మాట మనవాళ్లకు వింతగా ఉండకూడదు. పెద్దత్తయ్య పుస్తకంలో ప్రతి ముగ్గు పైనా ఒక వాక్యం ఉంటుంది: 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. ఇంతే. ఈ ఒక్క వాక్యంతో వాకిట్లో 169 చుక్కలు ఎవరి చోట్లో వాళ్లు కూర్చుంటాయి. మధ్యన 15, పైకి 14, 13 అలా 8 దాకా, కిందికీ అలాగే. కూడి చూసుకోండి. ఎదురు చుక్క అని రాస్తే అదే లెక్క వేరే ఆకారం అవుతుంది. మా ఆఫీసులో ఇలాంటి వాక్యాన్ని ప్రోగ్రాం అంటారు.

సిరోమణి గారు ఇంకొక సంగతి పట్టుకున్నారు. మెలిక ముగ్గు వేసే ఆడవాళ్లు బొమ్మను గుర్తుపెట్టుకోరు, కదలికల్ని గుర్తుపెట్టుకుంటారు. తిన్నగా పో, చుట్టు, మళ్లీ చుట్టు, వంపు తీసుకో. చేతికి ఆ వరస తెలుసు. అందుకే మధ్యలో ఎవరైనా పలకరిస్తే పెద్దత్తయ్య జవాబివ్వదు. వరస తప్పుతుంది.

ఇక్కడ మొక్కల కథ కలుస్తుంది. లిండెన్‌మేయర్ అనే జీవశాస్త్రవేత్త 1968లో మొక్క ఎలా పెరుగుతుందో చెప్పడానికి ఒక పద్ధతి తయారుచేశాడు. ఒక అక్షరం రాయి. ఆ అక్షరం కనపడ్డ ప్రతిచోటా దాని బదులు ఇంకొన్ని అక్షరాలు పెట్టు. మళ్లీ అలాగే చెయ్యి. ఒక్కో అక్షరానికి ఒక్కో కదలిక: ముందుకు గీత, ఇటు మలుపు, అటు మలుపు. ఇదే పద్ధతితో కృష్ణుడి గజ్జెలు అనే ముగ్గు వేయొచ్చు. నియమం ఒక్కటే. మలుపు గుర్తు 'మ', గీత 'గ', 45 డిగ్రీలు తిరగడం 'తి' అనుకుంటే, ప్రతి 'మ' బదులు 'మ గ మ తి తి మ గ మ' అని రాయాలి. రెండు 'మ'లతో మొదలుపెడితే మొదటిసారికి 8, తర్వాత 32, తర్వాత 128. ప్రతిసారీ నాలుగింతలు. పండక్కి వాకిలి ఎంత పెద్దదైతే అన్నిసార్లు.

కెనడాలో ఉన్న ప్రుసింకీవిచ్ ఈ పద్ధతిని సంగీతానికి తెచ్చాడు. 1986లో ఆయన చూపించింది చాలా తేలికైన ఉపాయం. ఒకే గీతగా పోయే బొమ్మ తీసుకో. గీత వెంట నడువు. అడ్డంగా నడిచినప్పుడు ఒక స్వరం పలుకు. ఎంత ఎత్తులో ఉన్నావో అది స్వరస్థానం, ఎంత దూరం నడిచావో అది కాలం. నిలువుగా ఎక్కినా దిగినా పలకకు, ఎత్తు మార్చుకో అంతే.

1988లో గిఫ్ట్ సిరోమణి పోయారు. మరుసటి ఏడాది ఆయన జ్ఞాపకంగా ఆర్. నరసింహన్ సంపాదకత్వంలో ఒక పుస్తకం వచ్చింది. అందులో ప్రుసింకీవిచ్, కమలా కృతివాసన్, విజయనారాయణ కలిసి రాసిన పత్రం ఉంది. దక్షిణ భారతపు జానపద ముగ్గుల్నీ కర్ణాటక సంగీతాన్నీ ఒకే రకం నియమాలతో రాబట్టడం దాని విషయం. రష్యన్లు ఈజిప్టు నగిషీ ఏం పాడుతుందో అని ఆశపడిన అరవై ఏళ్లకు, మద్రాసు వాకిలి ముగ్గూ మద్రాసు కచేరీ స్వరమూ ఒకే కాగితం మీద కలిశాయి. ఆ కాగితంలో మన అవ్వల పేర్లుండవు. కానీ వాళ్లు వాకిట్లో రోజూ వేసిందే అందులోని లెక్క.

మీరూ ఇంట్లో చేసి చూడండి, కంప్యూటరు అక్కర్లేదు. నాలుగు వరసలు, వరసకు నాలుగు ఎదురు చుక్కలు, మొత్తం 16 పెట్టండి. కింది వరస స, దాని పైది రి, ఆపైది గ, పై వరస ప. మోహనంలో స్వరాలివి. ఎడమ కింది చుక్క దగ్గర మొదలుపెట్టి ఈ వరసలో చుక్కలు కలపండి: కుడి, పైకి, ఎడమ, పైకి, పైకి, కుడి, కిందికి, కుడి, పైకి, కుడి, కిందికి, కిందికి, ఎడమ, కిందికి, కుడి. పదిహేను అడుగుల్లో 16 చుక్కలూ ఒక్కొక్కసారే అయిపోతాయి. హిల్బర్ట్ అనే జర్మన్ గణితవేత్త 1891లో చెప్పిన గీత ఇది. ఇప్పుడు అడ్డంగా నడిచినప్పుడు మాత్రమే స్వరం పలకండి.

స రి ప గ ప రి స.

చివర నుంచి మొదటికి చదివినా అదే. ఎందుకంటే బొమ్మకు ఎడమ సగం, కుడి సగం అద్దంలో చూసినట్టున్నాయి. కంటికి కనపడే పొందికే చెవికి వినపడింది. మా పాపకు సంగీతం టీచరు నేర్పే సరళీ స్వరాల్లాగే ఉందని మా ఆయన నవ్వారు. నవ్వొచ్చు. కానీ ఇది ఎవరూ కట్టిన స్వరం కాదు, గీత కట్టింది.

దీనితో ధైర్యం వచ్చి పెద్దత్తయ్య పుస్తకంలోని ఒక మెలిక ముగ్గు తీసుకున్నా. సెలవు రోజు కూర్చుని చిన్న ప్రోగ్రాం రాశా. గీత ఏ చుక్కల వరస పక్కగా పోతుంటే ఆ వరస స్వరం మోగాలి. పేజీని ఫొటో తీసి, దాన్ని చూసి కదలికలు ఒక్కొక్కటే ఎక్కించా. నొక్కా. పాట మొదలైంది, బాగానే పోయింది, సగంలో మొదటికొచ్చి ఆగిపోయింది. మిగతా సగం ముగ్గును అసలు ముట్టుకోనే లేదు. నా ఉద్యోగమే తప్పులు వెతకడం. రెండు గంటలు ప్రోగ్రాంలో వెతికా. అందులో తప్పు లేదు.

పెద్దత్తయ్యకు చూపించా. ఆవిడకు ఇప్పుడు మోకాళ్లు వంగవు, వాకిట్లో ముగ్గు మానేసి మూడేళ్లయింది. పైగా మేం ఉండేది ఇప్పుడు రెండో అంతస్తు, వాకిలంటే టైల్సు మీద అరగజం జాగా. స్టిక్కరు ముగ్గు అంటించి ఉంటుంది. ఆవిడ తెరమీద బొమ్మ చూడలేదు. వేలితో బల్ల మీద గీయడం మొదలుపెట్టింది, కళ్లు వేరే ఎక్కడో.

"ఈడ మెలిక దగ్గర చెయ్యి తిప్పేస్తివే అమ్మా. తిప్పకూడదు. తిన్నగా దాటిపోవాల" అంది.

అదీ తప్పు. రెండు గీతలు దాటుకునే చోట ఫొటోలో ఒక గుణకారం గుర్తే కనపడుతుంది. తిన్నగా పోయినా, పక్కకు తిరిగినా, అయ్యాక బొమ్మ ఒకటే. కానీ తిన్నగా పోతే ముగ్గంతా ఒకే గీత. పక్కకు తిరిగితే గీత రెండు ముక్కలై, రెండు వేర్వేరు చుట్లు అవుతుంది. నా పాట ఒక చుట్టులోనే తిరిగి ఆగిపోయింది. ఆవిడ చెప్పినట్టు మార్చా. ఈసారి పాట ఆగలేదు, అన్ని చుక్కల్నీ చుట్టుకుని, బయల్దేరిన చోటికే వచ్చి ముగిసింది. పెద్దత్తయ్య విని, "గంటలు మాదిరుంది. ముగ్గు మాదిరి లేదు" అని లేచి వెళ్లిపోయింది. సంగీతంగా ఆవిడ మార్కులు వేయలేదు. నాకు ఆ రోజు దొరికింది మార్కులు కాదు.

బొమ్మ పుస్తకంలో ఉంది. వరస పుస్తకంలో లేదు. అది ఆవిడ వేలిలో ఉంది.

అవ్రామోవ్ సంగతి ఒకటి చెప్పలేదు. ఆయన గీసిన శబ్దపు ఫిల్ము వేల అడుగులు ఇంట్లోనే ఉంచుకున్నాడు. ఆనాటి ఫిల్ము నైట్రేటుది, అగ్గిపుల్ల చాలు భగ్గున మండుతుంది. 1936, 37 ప్రాంతంలో ఆయన కొడుకులు దానితో రాకెట్లు, పొగబాంబులు చేసుకుని కాల్చేశారట. పిల్లలు, వాళ్లకేం తెలుసు. ప్రపంచంలో మొదటిసారి చేత్తో గీసిన సంగీతం అలా దీపావళి సామానైపోయింది.

మన ఇంట్లో పెద్దత్తయ్య ముగ్గుల పుస్తకాలు మూడుండేవి. రెండు పాత పేపర్లతో కలిసి తూకానికి పోయాయి. పంపించింది నేనే, ఈ ఇంటికొచ్చిన రెండో ఏడు, ఇల్లు మారేటప్పుడు. అడగలేదు. పిచ్చి గీతలనుకున్నా. ఆవిడ ఇప్పటిదాకా ఆ మాట ఎత్తలేదు, అందుకే నాకింకా బాధ.

చూలై అంటే తమిళంలో ఇటుకల బట్టీ. ఒకప్పుడు ఇక్కడ ఇటుకలు కాల్చేవాళ్లు కాబట్టి ఆ పేరు. బట్టీలు పోయాయి, పేరు మిగిలింది. ముగ్గు విషయంలో అలా కావద్దని నా ఆశ. స్టిక్కరు మిగిలి, చెయ్యి పోతే ముగ్గు అన్న పేరే మిగిలినట్టు.

కాబట్టి బెంగళూరు, హ్యూస్టన్, సింగపూర్ ఎక్కడున్నా మన బంధువులందరికీ ఒక పని చెప్తున్నా. మీ ఇంట్లో అత్తయ్యో అమ్మమ్మో అవ్వో ముగ్గు వేస్తుంటే ఫొటో తీయకండి. ఫొటోలు చాలా ఉన్నాయి. వీడియో తీయండి, మొహం కాదు, చెయ్యి మాత్రం, మొదటి చుక్క నుంచి చివరి మెలిక దాకా, మధ్యలో ఆపకుండా. కింద కూర్చోలేకపోతే కాగితం, పెన్సిలు ఇవ్వండి. అదీ కాకపోతే బల్ల మీద వేలు చాలు. ఆ ముగ్గును ఆవిడ ఎవరి దగ్గర నేర్చుకుందో పేరు అడిగి రాసిపెట్టండి. పెద్దత్తయ్యవి ఇప్పటికి పదకొండు పట్టుకున్నా. పుస్తకంలో ఇంకా నలభై దాకా ఉన్నాయి. ఆదివారాలు పొద్దున కాఫీ అయ్యాక ఇద్దరం కూర్చుంటున్నాం.

తీసేటప్పుడు పలకరించకండి. వరస తప్పుతుంది.